పొగపొయ్యి పోటీలు – ఇంటి జమాఖర్చులు

వినోదానికి అయ్యే ఖర్చును ఇంటి పద్దుల పుస్తకంలో ఎక్కడ వ్రాయాలి? బియ్యం, పాలు, అద్దె, చదువు, వైద్యం – వీటన్నింటికీ పుస్తకంలో చోటు ముందే ఏర్పడి ఉన్నది. వినోదానికి మాత్రం ఎవరూ వేరుగా ఒక పుట కేటాయించరు. సినిమా టికెట్టు, పుస్తకం, చదరంగపు బల్ల వంటివి చిల్లర ఖర్చులలో కలిసిపోతాయి. అంతవరకు చిక్కు లేదు. వినోదం పోటీగా మారి, ఆ పోటీకి బహుమతి సొమ్ము కూడా తోడైనప్పుడే చిక్కు మొదలవుతుంది. అప్పటినుండి అది ఖర్చా, పెట్టుబడా అన్న విషయం యజమానికే అంతుపట్టదు. ఆ సందేహం ఎంత ఖరీదైనదో చూచుటకు ఈ ప్రసంగంలో మేము అమెరికా దేశపు వేడుక నొకదానిని తీసికొన్నాము. దానిని అక్కడివారు బార్బెక్యూ పోటీ అంటారు.

డల్లాసులోనో, హ్యూస్టనులోనో బిడ్డలు కాపురముంటున్న ఇళ్లు మన శ్రోతలలో ఎన్నో ఉన్నవి. వారి మాటలలో ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు దొర్లే ఉంటుంది. ఈ పోటీలలో వండేది మాంసం. అందులో గోమాంసం కూడా ఉన్నది. అది పొసగని శ్రోతలు మన్నించవలెను. మా దృష్టి వంటకం మీద కన్న దాని చుట్టూ తిరిగే డబ్బు మీదనే ఉంటుంది.

అయినా వంట సంగతి కొంత తెలియనిదే ఖర్చు సంగతి తెలియదు. బార్బెక్యూ అంటే నిప్పుల మీద మాంసం కాల్చడమని పైపైన అనుకొంటారు. పోటీలలో చేసేది అది కాదు. నిప్పు ఒక చోట, మాంసం మరొక చోట ఉండి, వేడిగాలీ కట్టెల పొగా మాంసం మీదుగా నెమ్మదిగా సాగిపోవాలి. పొయ్యిలో వేడి ఫారన్‌హీటు 225 నుండి 275 డిగ్రీల లోపల ఉంచుతారు. అంటే సెంటిగ్రేడులో 107 మొదలు 135 వరకు. ఇంత సన్నని సెగ మీద ఎద్దు రొమ్ముభాగం ఉడకడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. బ్రిస్కెట్ అని పిలిచే ఆ భాగం జంతువు బరువును మోసే కండ. నరాల వంటి గట్టి తంతువులతో నిండి ఉంటుంది. తొందరపడి వండితే తోలు నమిలినట్లే. గంటల తరబడి సన్నని వేడి తగిలితేనే ఆ తంతువులు కరిగి జిగురుగా మారి, ముక్క వేలితో నొక్కితే లొంగుతుంది. అందుకే ఒకప్పుడు ఇది చౌక మాంసం. డబ్బు లేనివారు డబ్బుకు బదులుగా కాలాన్ని ఖర్చుపెట్టి రుచి సంపాదించుకొన్న వంట ఇది.

ఆ పన్నెండు గంటల నడుమ ఒక వింత జరుగుతుంది. మాంసం లోపలి వేడి 150, 170 డిగ్రీల ఫారన్‌హీటు నడుమకు వచ్చేసరికి పెరగడం మానివేస్తుంది. గంట, రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి థర్మామీటరు ముల్లు కదలదు. కొత్తవారు నిప్పు చచ్చినదేమో అని కంగారుపడి బొగ్గు కుమ్మరిస్తారు. నిజానికి ఇది వేసవిలో మన ఇంటి మూలనున్న మట్టికుండ చేసే పనే. కుండ పైన ఊరిన చెమ్మ ఆవిరి అవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అక్కడ మాంసం పైన ఊరిన చెమ్మ ఆవిరి అవుతూ పొయ్యి ఇచ్చిన వేడిని ఎప్పటికప్పుడు హరించివేస్తుంది. అల్యూమినియం రేకులో బిగించి చుట్టితే ఆవిరి నిలిచి, వేడి మళ్లీ పైకి నడుస్తుంది. ఈ కిటుకు తెలిసినవానికి నిద్ర, తెలియనివానికి జాగరణ.

ఇటువంటి వంటకు పోటీలు ఏర్పడి ఎంతో కాలం కాలేదు. హ్యూస్టన్ పశుప్రదర్శనలో 1974లో, టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరపు మే నెల ఉత్సవాలలో 1978లో, కాన్సాస్ సిటీలోని అమెరికన్ రాయల్ పశుప్రదర్శనలో 1980లో ఇవి మొదలైనవి. 1980ల మధ్యలో కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ అనే సంస్థ వెలసి నియమావళి ఏర్పరచినది. నేడు ఆ నియమావళి కింద ఏటా వందలాది పోటీలు జరుగుతున్నవి. 2009లో టెలివిజన్‌లో బి.బి.క్యు. పిట్‌మాస్టర్స్ అనే కార్యక్రమం మొదలు కావడంతో, పెరటిలో ఆదివారం నాడు వండుకొనే గృహస్థులకు సైతం మనమూ ఎందుకు పోకూడదు అన్న ఆలోచన పుట్టినది.

ఆ సొసైటీ పద్ధతిలో పోటీ ఎలా నడుస్తుందో కొంచెం నిదానంగా చూద్దాము. ఖర్చు అంతా ఈ పద్ధతిలోనే దాగి ఉన్నది. సాధారణంగా శుక్రవారం పగటికే జట్లు మైదానం చేరి, తమకిచ్చిన గడిలో బండి నిలుపుతాయి. పరిశీలకుడు వచ్చి మాంసం చూచేవరకు దానికి ఉప్పు కల్లైనా తగలరాదు. కట్టెలు, బొగ్గు, కొయ్యపొట్టు గుళికలు – వీటి నిప్పుతోనే వండవలెను. గ్యాసు మంట మీదగాని, విద్యుత్తు వేడితోగాని వండడం నిషిద్ధం. వంటకాలు నాలుగు: కోడి, పంది పక్కటెముకలు, పంది జబ్బ, ఎద్దు రొమ్ము. రాత్రంతా పొయ్యి కాచి, శనివారం మధ్యాహ్నం 12 గంటలకు మొదటి వంటకం, ఆపై అరగంటకొకటి చొప్పున 1-30 కు నాలుగవది అందజేయవలెను. చెప్పిన వేళకు ఐదు నిమిషాలు ముందు, ఐదు నిమిషాలు వెనుక – అంతవరకే గడువు. ఆరవ నిమిషాన తెచ్చినవాడు ఎంతటి ఘనుడైనా అతని పెట్టెను ముట్టరు.

పెట్టె అన్నాము గదా, అది తొమ్మిది అంగుళాల తెల్లని థర్మోకోల్ పెట్టె. మీద పేరు గాని, గుర్తు గాని ఉండరాదు. అడుగున లెట్యూసు, పార్స్‌లీ, కొత్తిమీర వంటి నియమించిన కొద్ది ఆకులు మాత్రమే పరచవచ్చు. మన పులుసులో ప్రాణమైన కొత్తిమీర అక్కడ పీటగా మాత్రమే పనికివస్తుంది. ఆ ఆకుపీట మీద కనీసం ఆరు ముక్కలు అమర్చవలెను. ఒక్కొక్క బల్ల దగ్గర న్యాయనిర్ణేతలు ఆరుగురు గనుక. ఆ ఆరుగురికీ ఎవరు వండినారో తెలియదు. కనుపించే తీరు, రుచి, మెత్తదనం – ఈ మూడింటికీ తొమ్మిది మొదలు రెండు వరకు మార్కులు వేస్తారు. మూడింటిలో రుచికే సగానికి మించిన బరువు. ఆరుగురిలో అందరికన్న తక్కువ వేసినవారి మార్కులను తీసివేసి, మిగిలిన ఐదుగురివి కూడుతారు. ఒక వంటకానికి సంపూర్ణ మార్కులు 180, నాలుగింటికి 720. ఏడు వందలు దాటినవారిని గొప్పవారుగా లెక్కిస్తారు. ఒకటవ జట్టుకూ పదవ జట్టుకూ నడుమ తేడా ఒక్కొక్కప్పుడు ఎంత స్వల్పమో వింటే, పరీక్ష తప్పిన విద్యార్థికి సైతం జాలి కలుగుతుంది. న్యాయనిర్ణేతలు జీతగాళ్లు కారు. తమ సొమ్ముతో శిక్షణ పొంది, తమ బండిలో వచ్చి, ఊరకనే తీర్పు చెప్పి పోతారు. ఇది వారి సరదా. అందరికీ పిసినారితనంగా మార్కులు వేసే బల్లకు తమ పెట్టె పోయినదని తెలిసినప్పుడు వంటవారు దానిని చావుబల్ల అని తిట్టుకొంటారు.

ఇక పుస్తకం తెరుద్దాము. కింద చెప్పేవి ఏ ఒక్క ఇంటివారి పద్దులూ కావు. ఇటీవలి ధరలను బట్టి, భార్యాభర్తలు ఇద్దరే ఒక జట్టుగా ఒక వారాంతపు పోటీకి పోయి వస్తే ఎంత అవుతుందో మేము వేసిన అంచనా. ప్రవేశ రుసుము 300 డాలర్లు. మాంసం 380. బొగ్గు, కట్టెలు, మసాలా పొడులు, సాసులు, రేకు, చేతి తొడుగులు, ఆకుకూర కలిపి 110. బరువైన బండిని లాగుకొని పోయి రావడానికి ఇంధనం 130. ఐసు, తిండి, చిల్లర 80. వెరసి 1,000 డాలర్లు. వేసవి నుండి శరత్తు వరకు పది పోటీలకు పోయిన ఇంటికి ఇది 10,000 డాలర్లు అవుతుంది. మన రూపాయలలో ఎనిమిది లక్షలకు పైమాట.

ఈ పద్దులలో విడమరచి చెప్పదగినది మాంసం. ఇద్దరు మనుషులు, పెట్టెలో ఆరు ముక్కలు. 380 డాలర్లు ఎందుకు? కోడితొడలు ఇరవై కొంటారు. ఎందుకనగా పెట్టెలోని ఆరు కవలపిల్లలవలె ఒకే పరిమాణంలో ఉండవలెను. ప్రతి తొడకూ చర్మం ఒలిచి, లోపలి కొవ్వును కత్తితో గీకి, పలుచబరచి, మళ్లీ కప్పి అంచులు కత్తిరిస్తారు. న్యాయనిర్ణేత కొరికినప్పుడు చర్మం సాగకుండా పండ్ల గుర్తు మేరకే తెగవలెనని ఈ క్షవరం. ఇరవై తొడలకు రెండు గంటలైనా పడుతుంది. కోడిగ్రుడ్డుకు ఈకలు పీకడం అన్న మన సామెత కోడితొడ వరకు వచ్చినదన్నమాట! పక్కటెముకల పలకలు నాలుగు కొని, బెల్లం వంటి చక్కెర, తేనె, వనస్పతి వేసి రేకులో చుట్టి ఉడికిస్తారు. వాటిలో ఏ పలక బాగా కుదిరితే దాని నడిమి ముక్కలే పెట్టెకు పోతాయి. పంది జబ్బలు రెండు. ఎద్దు రొమ్ము ఒక్కటే పదిహేను పౌన్లు తూగుతుంది. అన్నీ కలిపి పచ్చిమాంసం యాభై పౌన్లకు తక్కువ కాదు. న్యాయనిర్ణేతల బల్ల మీదికి చేరేది అందులో పదోవంతుకు మించదు. మిగిలినది తిన్నంత తిని, చుట్టాలకు పంచి, మంచుపెట్టెలో దాచుకొంటారు. వారాల తరబడి అదే మాంసం తిని తిని ఇంటిపిల్లలు పప్పన్నం దొరికితే బాగుండునని అనుకొన్నా ఆశ్చర్యం లేదు.

ఎద్దు రొమ్ము విషయంలో మరొకటి కూడా జరిగినది. టోకు దుకాణంలో దొరికే సామాన్యమైన రకంతోనే ఈ పోటీలు మొదలైనవి. తరువాత ఎవరో జపాను జాతి పశువుల సంకరంతో పెంచిన వాగ్యు రకం తెచ్చినారు. దాని కండలో సన్నని కొవ్వు చారలు దట్టంగా ఉండి, వంటలో పొరపాటు జరిగినా ముక్క ఎండిపోదు. వెల మాత్రం రెండింతలు, మూడింతలు. వారు గెలిచినారు. మరుసటి ఏడు పక్క గడిలోనివారూ అదే తెచ్చినారు. కొన్నేళ్లకు ముందు వరుసలోని జట్లన్నీ అదే మాంసం, అవే మసాలా పొడులు, కండలోకి సూదితో ఎక్కించే అదే ద్రవం వాడసాగినవి. అందరూ ఒకే మెట్టు పైకి ఎక్కినప్పుడు ఎవరి తల ఎవరికన్న ఎత్తుగా ఉంటుంది? వ్యత్యాసం మళ్లీ మొదటికే వచ్చినది. ఖర్చు మాత్రం కొత్త మెట్టు మీదనే నిలిచిపోయినది. దీనికి తోడు అమెరికాలో అనావృష్టి వలన పశుసంఖ్య తగ్గిపోయినది. 2025 జనవరి 1 నాటి లెక్క ప్రకారం అది సుమారు 8 కోట్ల 67 లక్షలు. 1951 తరువాత అప్పటివరకు అంత తక్కువ ఎన్నడూ లేదు. గోమాంసపు ధరలు ఎట్లు పెరిగి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు.

రుచి విషయంలోనూ ఇదే కథ. ముక్కూ మొగమూ తెలియని ఆరుగురు ఒక్కొక్క ముక్క మాత్రమే కొరికి తీర్పు చెబుతారు. ఆరుగురికీ నచ్చకపోయినా ఫరవాలేదు గాని, అందులో ఇద్దరికి గిట్టకపోతే పోటీ చేజారినట్లే. అందుచేత కారం తగ్గి, తీపి పెరిగి, పొగ వాసన సైతం మితంగా, ఎవరినీ నొప్పించని రుచి ఒకటి తయారైనది. టెక్సాసులో ఉప్పూ మిరియాలే, ఉత్తర కరొలైనాలో వినిగరు పులుపే, కాన్సాస్ సిటీలో టమాటా బెల్లపు సాసే – ఇట్లా ఊరికొక చేతివాటం ఉన్న వంట ఇది. పోటీ మైదానంలో ఆ ఊళ్లన్నీ ఒకటైపోయినవి. ఇంటికి వచ్చి, మేము ఇంట్లో మా కోసం ఇలా వండుకోము అని నవ్వుతూ చెప్పే పోటీదారులు కొల్లలు. తాను తినని వంటకు ఇంత ధనం పోయడం మాకు ఈ వేడుకలో అన్నింటికన్న వింతగా తోచిన విషయం.

బహుమతులు లేవా అని శ్రోతలు అడుగవచ్చు. ఉన్నవి. లెక్క కొరకు నలభై జట్లు వచ్చిన పోటీ ఒకటి ఊహిద్దాము. ప్రవేశ రుసుముల మొత్తం 12,000 డాలర్లు. నిర్వాహకులు ధర్మాత్ములై, మైదానం అద్దె, దీపాలు, నీళ్లు అన్నీ తమ చేతి సొమ్ముతో భరించి, ఆ పన్నెండు వేలూ బహుమతులుగా పంచిపెట్టినారనుకొందాము. నలభై జట్లు కలిసి పెట్టిన ఖర్చు 40,000. అంటే అందరినీ కలిపి చూస్తే ఆ వారాంతానికి 28,000 డాలర్లు పోయినవి. జట్టుకు సగటున 700. ఒకరిద్దరు గట్టెక్కితే మిగిలినవారు ఇంకొంచెం లోతుగా మునిగినారని అర్థం. వంటలో నైపుణ్యం పెరిగినంత మాత్రాన ఈ కూడికలు మారవు. నలభై మందీ నలభీములే అయినా మొత్తం నష్టం మొత్తం నష్టమే.

ఇందులో పొయ్యి ఖరీదు ఇంకా కలపలేదు. పోటీకి పనికివచ్చే పొయ్యిని 55 గ్యాలన్ల ఇనుప పీపాతో ఇంటి దగ్గర చేసికొనవచ్చు. లేదా కొన్ని వందల డాలర్లకు నిలువు పొయ్యి కొనవచ్చు. వాటితో గెలిచినవారు ఉన్నారు. అయినా పక్క గడిలో చక్రాల మీద నిలిచి, రంగులు వేసి, పేరు చెక్కించుకొన్న పొయ్యి కనుపించినప్పుడు పీపా చిన్నబోతుంది. అటువంటివాటి వెల పదివేల డాలర్లు దాటుతుంది. దానిని లాగడానికి పెద్ద బండి. వాన పడితే తల దాచుకోవడానికి పడక, స్నానపుగది ఉన్న ట్రెయిలరు. గెలిచినవారు నడిపే శిక్షణ తరగతులకు వందల డాలర్ల రుసుము. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్లు, ట్రెయిలరుకు వాయిదాలు కడుతూ ఇంటికప్పు మరమ్మతు వాయిదా వేసే సంసారాలు ఏర్పడితే ఆశ్చర్యం లేదు. ఇది పొయ్యి తప్పు కాదు. ఇది ఒకనాటికి డబ్బు తెచ్చిపెట్టునన్న మాటను నమ్మడమే దీనికంతకూ మూలం.

ఆ మాటను అక్కడి పన్నుల శాఖవారు మనకన్న నిష్కర్షగా పరీక్షిస్తారు. ఒక పని వ్యాపారమా, అభిరుచియా అని తేల్చడానికి వారికి నియమాలున్నవి. ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపితే వ్యాపారమని భావిస్తారు. చూపలేకపోతే ఇతర విషయాలు తరచి చూస్తారు. పద్దులు సరిగా వ్రాస్తున్నాడా, నష్టం తగ్గించడానికి పద్ధతి మార్చినాడా అన్నవి అందులో ఉన్నవి. ఆ పనిలో అతనికి స్వంత ఆనందం ఏమైనా ఉన్నదా అన్నది కూడా ఒక ప్రశ్నే! ఆనందం ఎంత కనుపించితే వ్యాపారమన్న వాదం అంత బలహీనపడుతుంది. అభిరుచి అని తేలితే మరొక చిక్కు. గెలిచిన బహుమతి ఆదాయమే. దానికి పన్ను కట్టవలెను. ఖర్చులను మాత్రం అందులోనుండి తీసివేయడానికి వీలులేదు. పూర్వం కొంత వెసులుబాటు ఉండేది. 2017లో చేసిన చట్టం 2018 నుండి దానిని నిలిపివేసినది. 2025 నాటి చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసినది. పదివేలు పోసి రెండువేలు గెలిచినవాడు ఆ రెండువేలకు పన్ను చెల్లిస్తాడు. ప్రభుత్వం ఇంత కరకుగా చెప్పిన తరువాత కూడా ఇంటి పుస్తకంలో దీనిని ఆదాయమార్గంగా వ్రాసికొనడం మా దృష్టిలో తెలిసి చేసే ఆత్మవంచన. వినోదమని వ్రాసికొంటే పేచీ లేదు. అప్పుడు ఆ ఇంటి ఇల్లాలు ఈ ఏడు వినోదానికి ఎంత అని అడుగగలదు. దానికి ఒక అంకె చెప్పక తప్పదు. పెట్టుబడి అన్న పేరు తగిలించితే ఆ ప్రశ్న అడిగే వీలే లేకుండా పోతుంది. పెట్టుబడికి హద్దు ఎవరు కోరుతారు?

ఈ మార్గంలో పైకి వచ్చినవారు లేకపోలేదు. ఇలినాయ్ రాష్ట్రంలోని మర్ఫీస్‌బరో అనే చిన్న ఊరివాడైన మైక్ మిల్స్ వృత్తిరీత్యా కట్టుడుపళ్లు తయారుచేసేవాడు. అతని జట్టు మెంఫిస్ పోటీలో 1990, 1992, 1994 సంవత్సరాలలో మహావిజేతగా నిలిచినది. ఆయన భోజనశాల ఆ పేరుతో దేశమంతటా ప్రసిద్ధికెక్కినది. 2020 డిసెంబరులో ఆయన మరణించినప్పుడు పెద్ద పత్రికలు సంతాపం ప్రకటించినవి. అయితే ఆయనకు అన్నం పెట్టినది బహుమతి సొమ్ము కాదు. ఆ పేరు వినివచ్చి ప్రతిదినం భోజనానికి కూర్చున్నవారు. ఆ తేడాను గమనించకుండా, ఆయన అంతటివాడైనాడు గదా అని ఉద్యోగం వదలిపెట్టి బయలుదేరినవారి పేర్లు ఏ పత్రికకూ ఎక్కవు.

ఖర్చు మాటే చెబుతున్నాము గాని, ఆ ఖర్చుతో ఏమి కొనుక్కొంటున్నారన్నది చెప్పకపోతే అన్యాయమవుతుంది. శుక్రవారం రాత్రి మైదానంలో పోటీ కనుపించదు. ఒకరి బొగ్గు అయిపోతే పక్కవారు సంచి తెచ్చి ఇస్తారు. ఒకరి థర్మామీటరు చెడితే ప్రత్యర్థి తనది ఇచ్చి పోతాడు. వారమంతా వేర్వేరు వేళలకు ఇల్లు చేరే భార్యాభర్తలు ఆ ఒక్క రాత్రి ఒకే నిప్పు ముందు కూర్చుంటారు. వీటికి ఎంత వెల కట్టవచ్చునో ఎవరికి వారే తేల్చుకోవలెను. మరియొక ఉదాహరణ ఉన్నది. 2011 మే 22న మిజూరీ రాష్ట్రంలోని జాప్లిన్ పట్టణాన్ని సుడిగాలి నేలమట్టం చేసినది. నూటయాభైమందికి పైగా మరణించినారు. ఇళ్లు లేవు, వంటిళ్లు లేవు, విద్యుత్తు లేదు. అప్పుడు చుట్టుపక్కల రాష్ట్రాల పోటీ వంటవారు తమ చక్రాల పొయ్యిలను లాగుకొని అక్కడికి చేరుకొన్నారు. విద్యుత్తు అక్కరలేని పొయ్యిలు, రాత్రంతా నిప్పు కాచే అలవాటు, నిమిషాలు తప్పకుండా వడ్డించే సాధన – పోటీ నేర్పినవన్నీ అక్కడ పనికివచ్చినవి. రెండు వారాలు గడవక ముందే లక్షా ఇరవైవేలకు పైగా భోజనాలు పెట్టినారు. ఆ కూడిక నుండి ఆపరేషన్ బి.బి.క్యు. రిలీఫ్ అనే సంస్థ పుట్టి, తుఫానులు, వరదలు వచ్చినచోటికెల్లా పోతున్నది. ఇన్ని వేల డాలర్ల పొయ్యి ఎందుకని ఆక్షేపించిన మేము, ఈ సంగతిని కూడా అదే పుస్తకంలో, ఎదుటి పుటలో వ్రాయక తప్పదు.

ఖర్చు బాధ పోటీలు నడిపేవారికీ తెలియకపోలేదు. నాలుగు వంటకాలకు బదులు ఒకటి రెండింటితో సరిపెట్టే చిన్న పోటీలు, పెరటి వంటవారికి తక్కువ రుసుముతో వేరే తరగతి ఇప్పుడు చాలాచోట్ల ఏర్పాటవుతున్నవి. వీటన్నింటిలో మాకు తెలివైనదిగా తోచినది 2013లో టెక్సాసులో ఆరంభమైన స్టేక్ కుక్ఆఫ్ అసోసియేషన్ వారి పద్ధతి. అక్కడ వండేది ఎద్దు మాంసపు మందపాటి ముక్కలు మాత్రమే. ఆ ముక్కలను నిర్వాహకులే తెచ్చి బల్ల మీద పెడతారు. పోటీదారులు వరుసగా వచ్చి వాటిలో తమకు నచ్చినవి ఏరుకొంటారు. ఎవరి సంచీ బరువైనదైనా అందరికీ దక్కేది ఆ బల్ల మీది సరుకే. రాత్రి జాగరణ లేదు, చక్రాల పొయ్యి అక్కరలేదు. కారు వెనుక పట్టే చిన్న పొయ్యి, ఒక సంచి బొగ్గు చాలును. ముక్క ఉడకడానికి నిమిషాలు మాత్రమే పడుతుంది. పొద్దున పోయినవారు సాయంకాలానికి ఫలితాలు విని, వెలుతురు ఉండగానే పొయ్యి చల్లార్చి ఇంటిదారి పడతారు. ఆదివారం ఉదయం ఇంటి దగ్గరే ఉంటారు.